డైజెస్టర్‌కు తోడు పడ్డాక అది నిన్నటి ట్యాంకు కాదు

హెర్న్‌డన్‌లో ఒక ఇంట్లో మీరు రాత్రి అంట్లు కడిగి సింకు ఖాళీ చేస్తారు. ఆ నీళ్లు ఎక్కడికి పోతాయో ఎప్పుడైనా ఆలోచించారా? ఊరి కాలువ గొట్టాల్లోంచి అవి పొటోమాక్ ఇంటర్‌సెప్టర్ అనే పెద్ద మురుగు గొట్టంలో కలుస్తాయి. ఆ గొట్టం మన పక్కనున్న డల్లస్ విమానాశ్రయం పుణ్యమా అని పుట్టింది. విమానాశ్రయం కడుతున్న రోజుల్లో, 1960లో, అక్కడి మురుగును నదిలో కలపకుండా వాషింగ్టన్ దాకా తీసుకుపోవాలని అమెరికా కాంగ్రెస్ అనుమతి ఇచ్చింది. వర్జీనియాలో మొదలై, పొటోమాక్ నది దాటి, మేరీలాండ్ ఒడ్డు వెంబడి సాగి, చివరికి రాజధాని దక్షిణపు కొసన ఉన్న బ్లూ ప్లెయిన్స్ శుద్ధి కేంద్రానికి మురుగు చేరుతుంది.

బ్లూ ప్లెయిన్స్ మామూలు కేంద్రం కాదు. ఈ రకం ఉన్నత స్థాయి శుద్ధి చేసేవాటిలో ప్రపంచంలోనే పెద్దదని దానికి పేరు. రోజుకు 38 కోట్ల గ్యాలన్లకు పైగా శుద్ధి చేసే సామర్థ్యం ఉంది. నీళ్లు శుభ్రం చేశాక మిగిలే బురదను ఏం చేయాలన్నది ఎక్కడైనా తలనొప్పే. అక్కడ 2015 దాకా ఆ బురదలో సున్నం కలిపి లారీలకెత్తి పొలాలకు పంపేవాళ్లు. ఆ ఏడాది అక్టోబరులో నాలుగు పెద్ద డైజెస్టర్లను అధికారికంగా ప్రారంభించారు. ఒక్కోటి దాదాపు 38 లక్షల గ్యాలన్లు పడుతుంది. బురదను ముందు ప్రెషర్ కుక్కర్‌లో పెట్టినట్టు 150 డిగ్రీల పైన ఉడికించి, చల్లార్చి, వీటిలోకి పంపుతారు. లోపల గాలి తగలకుండా సూక్ష్మజీవులు దాన్ని తిని గ్యాస్ వదులుతాయి. ఆ గ్యాస్‌తో సుమారు 10 మెగావాట్ల కరెంటు వస్తుంది. కేంద్రానికి కావలసిన కరెంటులో ఇంచుమించు మూడో వంతు అదే. మొత్తం పనికి 47 కోట్ల డాలర్లు అయింది.

ఇదంతా మన పత్రికలో ఎందుకు అంటారా? ఫార్మ్‌వర్క్ పని చేసే ఒక తమ్ముడు అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పాలని మొదలుపెట్టాం. అతను ఇలాంటి ట్యాంకు ఒకటి కట్టే పనిలో కొన్ని నెలలున్నాడు. పునాది నుంచి పైకప్పు దాకా లోపలే తిరిగాడు. లోపలే కూర్చుని అన్నం తిన్నాడు. పని అయిపోయి వేరే సైటుకు వెళ్లాక ఒకరోజు మళ్లీ పిలిచారు. “గోడ దగ్గర చిన్న లీకు, ఒక గంట పని, దిగి చూడు” అన్నారు. అతను మమ్మల్ని అడిగింది ఇది: “అన్నా, ట్యాంకు కొత్తదే కదా. నేను కట్టిందే కదా. అందులో ఏముంటుంది?”

సీడ్ పడిందా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. సీడ్ అంటే మన మాటలో తోడు.

పాలు తోడుకోవాలంటే నిన్నటి పెరుగు చెంచాడు వేస్తాం కదా. డైజెస్టర్‌ను మొదలుపెట్టడం కూడా అంతే. ఎక్కడో బాగా నడుస్తున్న డైజెస్టర్ నుంచి బతికున్న బురదను ట్యాంకర్లలో తెచ్చి కొత్తదానిలో పోస్తారు. చెంచాడు సరిపోదు, ట్యాంకు పరిమాణంలో పదో వంతు నుంచి మూడో వంతు దాకా పోసేవాళ్లున్నారు. తోడు లేకుండా కూడా కొన్ని నెలలకు దానంతట అది మొదలవ్వచ్చు. కానీ అన్ని నెలలు ఆగే ఓపిక, డబ్బు ఏ కాంట్రాక్టరుకూ ఉండవు.

పెరుగు ఒక్క రాత్రిలో తోడుకుంటుంది. డైజెస్టర్‌కు వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. ఎందుకంటే లోపల పని చేసేవి ఒక్క రకం జీవులు కావు. ఇడ్లీ పిండిని గుర్తు చేసుకోండి. రాత్రి రుబ్బి పెడితే తెల్లారేసరికి పొంగి పులుస్తుంది. ఇంకో రోజు వదిలేస్తే నోట్లో పెట్టలేం. డైజెస్టర్‌లో మొదటి గుంపు జీవులు చేసేది ఇదే పని. బురదలోని కొవ్వు, పిండి, మాంసకృత్తులను ముక్కలు చేసి, కరిగించి, పులుపుగా మారుస్తాయి. వీటికి ఆకలెక్కువ, పిల్లలు కూడా గంటల్లో రెట్టింపవుతాయి. రెండో గుంపు ఆ పులుపును తిని మీథేన్ అనే గ్యాస్ చేస్తుంది. వీటిది నెమ్మది వ్యవహారం. సంఖ్య రెట్టింపు కావడానికి రోజులు పడుతుంది. చలి గిట్టదు, గాలి గిట్టదు, పులుపు ఎక్కువైతే అసలు గిట్టదు. మొదటి గుంపు వండి వార్చినంత వేగంగా రెండో గుంపు తినలేకపోతే పులుపు పేరుకుంటుంది. పులుపు పేరుకుంటే రెండో గుంపు ఇంకా నీరసిస్తుంది. అప్పుడు ఇంకా పులుస్తుంది. ఇలా రెండు మూడు రోజుల్లో ట్యాంకంతా చెడిపోయి, మొత్తం తోడి పారబోసి మళ్లీ మొదటికి రావలసి వస్తుంది. ఆ తోడి పారబోసే పని ఎవరి మెడకు చుట్టుకుంటుందో మీకు చెప్పనక్కర్లేదు.

అందుకే ఇంజనీర్లు ఆ రోజుల్లో అంత కంగారుగా ఉంటారు. ముందు ట్యాంకులో మంచినీళ్లో, శుద్ధి చేసిన నీళ్లో నింపి లీకులు చూస్తారు. పైకప్పు, గ్యాస్ గొట్టాలు గాలి పట్టి ఉన్నాయో లేదో వేరుగా చూస్తారు. తరువాత నీళ్లను 35 డిగ్రీల దాకా, అంటే దాదాపు మన ఒంటి వేడికి, తెస్తారు. అప్పుడు తోడు. తోడు పడ్డాక మేత. టైఫాయిడ్ వచ్చి లేచినవాడికి ముందు జావ పోసి, నాలుగు రోజులకు మెత్తటి అన్నం పెట్టినట్టు, పూర్తి మేతలో పదో వంతుతోనో ఐదో వంతుతోనో మొదలుపెట్టి, ఒంటికి పడుతోందని తెలిశాకే పెంచుతారు. వేడి రోజుకు ఒక డిగ్రీకి మించి ఎగుడుదిగుడు కాకుండా చూస్తారు. రోజూ మచ్చు తీసి పులుపు ఎంతుందో, ఆ పులుపును తట్టుకునే క్షారం ఎంతుందో కొలుస్తారు. పులుపు క్షారంలో మూడో వంతు లోపుంటే నిద్ర పడుతుంది. దాటితే మేత ఆపేస్తారు. ఇంకా దాటితే వంట సోడా లాంటిదో సున్నమో కలుపుతారు.

అమీర్‌పేటలోనో అంబర్‌పేటలోనో ఉండి వచ్చినవాళ్లకు ఇది కొత్త కాదు. హైదరాబాదులో మూసీ ఒడ్డున అంబర్‌పేట కేంద్రం రోజుకు 33.9 కోట్ల లీటర్ల మురుగు కోసం కట్టింది. అక్కడిది ఇంకో రకం రియాక్టర్. మురుగు కింద నుంచి పైకి పారుతుంటే, అడుగున జీవుల బురద దుప్పటిలా పరుచుకుని దాన్ని తింటుంది. 1970లలో నెదర్లాండ్స్‌లో లెట్టింగా అనే శాస్త్రవేత్త, ఆయన తోటివాళ్లు తయారు చేసిన పద్ధతి అది. వేడి దేశం కాబట్టి మన దగ్గర మురుగును కాచే పని లేదు. ఇక్కడ జనవరిలో మంచు కురుస్తుంటే వేడి కోసం బాయిలర్లు పెట్టాలి. బోయినపల్లి కూరగాయల మార్కెట్‌లో రోజుకు పది టన్నుల దాకా కుళ్లిన కూరగాయల నుంచి గ్యాస్, కరెంటు తీసే ప్లాంటు కూడా ఇదే కుటుంబం. తార్నాకలోని ఐఐసీటీ శాస్త్రవేత్తల పద్ధతి అది. 2021 జనవరిలో ప్రధాని రేడియోలో దాని గురించి మాట్లాడారు. అంత దూరం ఎందుకు, ఊళ్లో గోబర్ గ్యాస్ గుంత మొదటిసారి నింపినప్పుడు పొయ్యి ముట్టుకోవడానికి ఎన్నాళ్లు పట్టిందో మీ అమ్మను అడగండి. మొదటి గ్యాస్ మండదు. అందులో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువ, మీథేన్ తక్కువ. మీథేన్ సగం దాటాకే మంట నిలుస్తుంది.

మండదు కదా అని దగ్గరికి వెళ్లకూడదు. అసలు ప్రమాదం ఇక్కడే మొదలవుతుంది.

కొత్త ట్యాంకు పైభాగంలో మొదట మామూలు గాలి ఉంటుంది. కింద మీథేన్ పుట్టి పైకి వస్తుంది. గాలిలో మీథేన్ 5 శాతం నుంచి 15 శాతం మధ్య ఉంటే నిప్పురవ్వ తగిలిందా పేలుతుంది. 5 లోపు పేలదు, 15 పైన పేలదు. బాగా నడుస్తున్న డైజెస్టర్‌లో మీథేన్ 60 శాతం పైన ఉంటుంది, ప్రాణవాయువు ఉండదు. అందుకని లోపల అంత తేలిగ్గా పేలదు, లీకైతే బయట పేలుతుంది. కానీ మొదలుపెట్టే రోజుల్లో సున్నా నుంచి 60కి వెళ్లేదారిలో 5 నుంచి 15 మధ్యలోంచి దాటుకుంటూ వెళ్లాల్సిందే. అప్పుడు లోపల గాలి కూడా ఉంటుంది. దీన్ని తప్పించడానికి పైభాగంలోని గాలిని ముందే నైట్రోజన్‌తో తోలేస్తారు, లేదా ట్యాంకును పైదాకా ద్రవంతో నింపి గాలికి చోటు లేకుండా చేస్తారు. నైట్రోజన్‌తో తోలితే పేలుడు భయం తగ్గుతుంది. కానీ ఊపిరి పీల్చుకోవడానికి ఏమీ మిగలదు. అందులో తల పెట్టిన మనిషి రెండు ఊపిర్లకు కూలిపోతాడు. దగ్గు రాదు, మంట పుట్టదు, ఏ హెచ్చరికా ఉండదు.

మూడోది కుళ్లిన కోడిగుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్. మన పని చోట్ల ఎక్కువమంది ప్రాణాలు తీసేది ఇదే. గాలి కన్నా బరువు కాబట్టి అడుగున, గుంతల్లో, పంపు గదుల్లో, గొట్టం మూలల్లో నిలుస్తుంది. కొంచెమున్నప్పుడు బాగా కంపు. పది లక్షల వంతుల గాలిలో 100 వంతులకు చేరేసరికి ముక్కు మొద్దుబారి వాసన తెలియడం ఆగిపోతుంది. ప్రాణానికి తక్షణ ముప్పు అని అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ గీత గీసింది కూడా ఆ 100 దగ్గరే. 500 దాటితే నిమిషాల్లో స్పృహ పోతుంది. 1000 దగ్గర అక్కడికక్కడే. అంటే “ఇందాక కంపు కొట్టింది, ఇప్పుడు పోయింది” అని ఎవరైనా అంటే అది శుభవార్త కాదు. బయటికి రండి, పక్కవాణ్ణీ లాక్కురండి.

మన పెద్దలు పాడుబడ్డ బావిలో దిగేముందు లాంతరు తాడుకు కట్టి దించి చూసేవాళ్లు. దీపం ఆరిపోతే దిగేవాళ్లు కాదు. ఊపిరి చాలని చోటును కనిపెట్టడానికి ఆ కాలానికి అది మంచి ఉపాయమే. డైజెస్టర్ దగ్గర మాత్రం లైటరు తీయకండి. అది పరీక్ష కాదు, పేలుడు. ఇక్కడ ఆ పనికి నాలుగు గ్యాస్‌లు చూపించే మీటరు ఉంటుంది. చొక్కాకు తగిలించుకునేంత చిన్నది.

ఇప్పుడు తమ్ముడి ప్రశ్నకు వద్దాం. తోడు పడేదాకా అది కాంక్రీటు ట్యాంకు. పడిపోవడం, పరంజా కూలడం, రంగుల ఆవిరి లాంటి ప్రమాదాలు అప్పుడూ ఉంటాయి. లోపలికి రావడానికీ పోవడానికీ ఇరుకైన చోటు కాబట్టి దానికీ నియమాలున్నాయి. కానీ తోడు పడ్డ రోజు నుంచి అది వేరే వస్తువు. బయటి నుంచి చూస్తే అదే గోడ, అదే నిచ్చెన, అదే మూత. మనం వేసిన గుర్తులు కూడా అలాగే ఉంటాయి. మనిషికి అలవాటైన చోటు మీద భయం ఉండదు, దాని వల్లే మోసపోతాం. పైగా ఆ సమయంలో సైటులో రెండు ముఠాలు కలిసి ఉంటాయి. మొదలుపెట్టే ఇంజనీర్లు ఒకవైపు, మిగిలిన చిల్లర పనులు పూర్తి చేసే మనవాళ్లు ఇంకోవైపు. రాత్రి తోడు పోసినట్టు వాళ్లకు తెలుసు, పొద్దున వచ్చే పెయింటరుకు ఎవరూ చెప్పరు. పక్క డైజెస్టర్ పైకప్పు మీద వెల్డింగ్ చేస్తున్నవాడికి ఈ డైజెస్టర్‌లో గ్యాస్ మొదలైందని తెలియదు.

చట్టం సరిగ్గా ఈ ఖాళీని పూడ్చడానికే ఉంది. నిర్మాణ పనుల్లో ఇరుకు చోట్ల గురించి ఓషా నియమాలు 2015 ఆగస్టు నుంచి అమల్లోకి వచ్చాయి. అంతకు ముందు ఫ్యాక్టరీలకు ఉండేవి గానీ నిర్మాణానికి ఇంత వివరంగా లేవు. ఆ నియమాల ప్రకారం సైటు యజమానికి, మొత్తం పని చూసే పెద్ద కాంట్రాక్టరుకు లోపలి ప్రమాదాల గురించి తెలిసింది ప్రతి చిన్న కాంట్రాక్టరుకూ చెప్పే బాధ్యత ఉంది. “మాకు చెప్పలేదు” అనడం మీ మేస్త్రీకి సాకు కావచ్చు, పెద్ద కాంట్రాక్టరుకు అది తప్పు.

దిగేముందు చోటును పరీక్షించాలి. ముందు ప్రాణవాయువు, తరువాత మండే గ్యాస్, ఆ తరువాత విష వాయువులు. ఈ వరుస మారకూడదు, ఎందుకంటే ప్రాణవాయువు తక్కువున్న చోట మండే గ్యాస్ చూపే మీటరు తప్పు చెప్పవచ్చు. ప్రాణవాయువు 19.5 శాతం కన్నా తగ్గకూడదు. మండే గ్యాస్ పేలే స్థాయిలో పదో వంతు దాటకూడదు. మీథేన్‌కైతే గాలిలో అర శాతమన్నమాట. గ్యాస్‌లు పొరలు పొరలుగా ఉంటాయి కాబట్టి పైన, మధ్యన, అడుగున వేర్వేరుగా చూడాలి. ఒక్కసారి చూసి వదిలేస్తే చాలదు, మనిషి లోపలున్నంత సేపూ మీటరు నడుస్తూనే ఉండాలి. ఆ పరీక్ష చేస్తుంటే పక్కన నిలబడి చూసే హక్కు దిగేవాడికి ఉంది. ఇది చాలామందికి తెలియదు. “చూపించండి” అని అడిగితే మొండితనం కాదు, నియమంలో ఉన్నదే అడుగుతున్నారు.

ఆపైన రాతపూర్వక పర్మిట్ ఉండాలి. ఎవరు దిగుతున్నారు, ఎందుకు, ఎంతసేపు, రీడింగులు ఎంత, గొట్టాలు ఎక్కడ మూసి తాళం వేశారు అన్నవి అందులో రాసి, మూత దగ్గర అందరికీ కనిపించేలా పెట్టాలి. బయట ఒక మనిషి కాపలా ఉండాలి. ఆ మనిషికి వేరే పని చెప్పకూడదు. సామాను అందించు, ఫోను మాట్లాడు అంటూ పక్కకు పంపకూడదు. ఒంటికి బెల్టు, తాడు, పైకి లాగే చక్రం ఉండాలి. ఎందుకంటే లోపల మనిషి పడిపోతే ఇంకో మనిషి దిగి తీసుకురాకూడదు. ఇరుకు చోట్లలో చనిపోయినవాళ్లలో 60 శాతానికి పైగా కాపాడబోయినవాళ్లే అని అమెరికా పరిశోధన సంస్థ 1986లో లెక్క తేల్చింది. ఒకణ్ణి కాపాడబోయి ఇంకొకడు, వాణ్ణి కాపాడబోయి తమ్ముడో బావమరిదో. మన దగ్గర ఒకే ఊరివాళ్లం, ఒకే ఇంటివాళ్లం ఒకే ముఠాలో పని చేస్తాం కాబట్టి ఈ లెక్క మనకు ఇంకా భయం వేయాలి. అన్న పడిపోతే తమ్ముడు ఆగుతాడా? ఆగడు. అందుకే ఆ ఆగడం ముందే నేర్పాలి.

“మేం లోపలికి దిగం, మూత దగ్గర వంగుతాం అంతే” అంటారు కొందరు. సోడా బస్తా కుమ్మరించడానికో, మచ్చు తీయడానికో, నురగ ఎంత లేచిందో చూడటానికో. చట్టం ప్రకారం ఒంట్లో ఏ భాగమైనా ఆ మూత గీత దాటి లోపలికి వెళ్తే దిగినట్టే లెక్క. చేయి పెట్టినా, తల పెట్టినా అంతే. పర్మిట్ కావాలి. నిజం చెప్పాలంటే తల పెట్టడమే ఎక్కువ ప్రమాదం, ఎందుకంటే స్పృహ తప్పిన మనిషి ముందుకే పడతాడు.

శిక్షణ మీకు అర్థమయ్యే భాషలో ఇవ్వాలి. ఓషా ఈ మాట 2010లోనే స్పష్టం చేసింది. ఇంగ్లీషులో వీడియో చూపించి సంతకం పెట్టించుకుంటే శిక్షణ కాదు. అర్థం కాకపోతే సంతకం పెట్టకండి. “నాకు తెలుగులో చెప్పించండి” అని అడగండి. తెలుగు, ఇంగ్లీషు రెండూ వచ్చిన తోటి కార్మికుడితో చెప్పించినా సరే.

పర్మిట్ లేకుండా దిగమంటే ఏం చేయాలి? కాదనే హక్కు ఉంది. కానీ దానికి ఒక పద్ధతి ఉంది, అది తప్పితే ఉద్యోగం పోయి చేతులు ఖాళీగా మిగులుతాయి. ప్రాణం పోయేంత ప్రమాదం ఉందని మీరు నిజంగా నమ్మాలి, మీ స్థానంలో ఏ మనిషైనా అలాగే అనుకునేలా ఉండాలి. సరిచేయమని పై మనిషిని ముందు అడిగి ఉండాలి. ఇన్‌స్పెక్టరు వచ్చేదాకా ఆగే వీలు లేకపోవాలి. అడిగిన మాటకు ఆధారం ఉంటే మంచిది, ఫోనులో మెసేజ్ పెట్టండి: “పర్మిట్, గ్యాస్ రీడింగ్ చూపిస్తే దిగుతాను. వేరే పని చెప్పండి, చేస్తాను.” ఈ రెండో వాక్యం మర్చిపోకండి. కోపంలో సైటు వదిలి ఇంటికి వచ్చేస్తే పని మానేశాడని రాసుకుంటారు. వెళ్లిపొమ్మనేదాకా అక్కడే ఉండండి.

కక్షగట్టి తీసేస్తే, గంటలు తగ్గిస్తే ఫిర్యాదు చేయడానికి ఓషాలో గడువు 30 రోజులే. వర్జీనియాలో రాష్ట్ర చట్టం ఇంకొంచెం ఎక్కువ ఇస్తుంది గానీ 30 రోజులే అనుకోండి, నష్టం లేదు. ఇక్కడో చిక్కుంది. పొటోమాక్ గొట్టం లాగే మన పని కూడా మూడు ప్రభుత్వాల మీదుగా పోతుంది. హెర్న్‌డన్, ఆష్‌బర్న్ వైపు ప్రమాదమైతే వర్జీనియా రాష్ట్ర కార్మిక శాఖ కిందున్న వాష్ చూస్తుంది. నది దాటి మేరీలాండ్‌లో అయితే అక్కడి మోష్. రాజధాని లోపల అయితే కేంద్రం వాళ్ల ఓషా. ఎక్కడ నిద్రపోతున్నామన్నది కాదు, ఎక్కడ పని చేశామన్నది లెక్క. తెలియకపోతే 1-800-321-6742కు ఫోను చేయండి, సరైన చోటికి పంపుతారు. మీ పేరు యజమానికి చెప్పవద్దని అడగవచ్చు. వీసా ఏమిటన్నది ఆ ఫిర్యాదుకు అవసరం లేదు.

జీతం ముక్క ఒకటి. డైజెస్టర్ మొదలుపెట్టే రోజుల్లో పగలూ రాత్రీ ఉండదు. తోడు ట్యాంకర్లు అర్ధరాత్రి వస్తాయి, పంపు ఆగితే తెల్లవారుజామున పిలుస్తారు. వారంలో 40 గంటలు దాటిన ప్రతి గంటకూ ఒకటిన్నర రెట్లు రావాలి. మురుగు కేంద్రాలు చాలావరకు రాష్ట్రాలు తిప్పే కేంద్ర రుణనిధి డబ్బుతో కడతారు. ఆ డబ్బు ఉన్న పనిలో మేస్త్రీ ఇష్టం వచ్చిన కూలీ ఇవ్వడానికి లేదు. ఆ జిల్లాలో ఆ పనికి నిర్ణయించిన రేటు ఇవ్వాలి. ఆ రేట్ల కాగితం సైటులో గోడకు అంటించి ఉండాలి. ఫోటో తీసి పెట్టుకోండి. గాయమైతే వర్జీనియాలో 30 రోజుల లోపు యజమానికి చెప్పాలి, రాతలో చెబితే మేలు. పరిహారం కోసం కమిషన్‌లో దావా వేయడానికి రెండేళ్లు గడువు.

మన దేశంలో ఈ పని ఎవరు చేశారో, ఎవరు చనిపోయారో మనకు తెలుసు. మూసీ పక్కన పెద్ద పెద్ద రియాక్టర్లు లేచిన నగరంలోనే మ్యాన్‌హోల్‌లో మనిషిని తాడు లేకుండా దించారు. కోలార్ బంగారు గనుల్లో పాకీ పనివాళ్ల ఇంట్లో పుట్టిన బెజవాడ విల్సన్, మన ఐఏఎస్ అధికారి ఎస్.ఆర్. శంకరన్ లాంటి వాళ్ల అండతో సఫాయి కర్మచారీ ఆందోళన్‌ను నిలబెట్టారు. రక్షణ లేకుండా మురుగు గుంతల్లోకి మనిషిని దించడం 2013 చట్టం ప్రకారం నేరం. 2014 మార్చిలో సుప్రీంకోర్టు, 1993 నుంచి మురుగు కాలువల్లో చనిపోయిన ప్రతి ఒక్కరి కుటుంబానికి 10 లక్షలు ఇవ్వాలంది. 2023 అక్టోబరులో దాన్ని 30 లక్షలకు పెంచింది, శాశ్వతంగా అంగవైకల్యం వస్తే 20 లక్షలకు తగ్గకూడదంది. ఊళ్లో మీ బంధువుల్లో ఎవరికైనా ఇలా జరిగి డబ్బు అందకపోతే ఈ రెండు తేదీలు చెప్పి కలెక్టరు ఆఫీసులో అడగమనండి. అక్కడైనా ఇక్కడైనా గ్యాస్‌కు కులం తెలియదు, దేశం తెలియదు. దించేవాళ్లకు మాత్రం ఎవరిని దించాలో బాగా తెలుసు.

ఇళ్లలో పని చేసే అక్కలు, చెల్లెళ్లు ఇదంతా మాకెందుకు అనుకుంటూ చదువుతుంటే, మీకూ ఒక డైజెస్టర్ ఉండవచ్చు. హెర్న్‌డన్ ఊళ్లో ఊరి కాలువ ఉంది గానీ, పక్కనే గ్రేట్ ఫాల్స్ వైపు పెద్ద పెద్ద ఇళ్లకు సెప్టిక్ ట్యాంకులున్నాయి. పెరట్లో గడ్డి కింద పాతిపెట్టిన ఆ ట్యాంకు కూడా గాలి లేకుండా జీవులు బురద తినే చోటే. ఫెయిర్‌ఫాక్స్ కౌంటీలో అయిదేళ్లకోసారి దాన్ని తోడించాలని నియమం ఉంది. తోడించాక జీవులు మళ్లీ పుంజుకోవాలి. అందుకోసం మందులు, పొడులు కొనక్కర్లేదు. ఇంటి మురుగులోనే కావలసిన తోడు ఉంటుంది. ఆ రోజుల్లో బకెట్లు బకెట్లు బ్లీచు పోయకుండా ఉంటే చాలు. వేపుడు నూనె, నెయ్యి సింకులో పారబోయకుండా డబ్బాలో పోసి చెత్తలో వేయండి. తుడుచుకునే తడి గుడ్డలు, ప్యాకెట్ మీద ఏం రాసి ఉన్నా సరే, టాయిలెట్‌లో వేయకండి. అవి గొట్టాలకూ పంపులకూ చుట్టుకుంటాయి. చివరికి వాటిని తీయడానికి మన తమ్ముళ్లలో ఎవరో ఒకరు పంపు గుంతలోకి దిగాలి.

బ్లీచు, అమ్మోనియా ఉన్న ద్రావకం కలపకండి. బ్లీచు, పులుపు ఉన్న టాయిలెట్ క్లీనరు అసలు కలపకండి. రెండింటి నుంచీ విష వాయువే వస్తుంది. సెప్టిక్ మూత తెరిచి ఉంటే దగ్గరికి వెళ్లకండి, పిల్లల్ని వెళ్లనివ్వకండి. ఉంగరం పడిపోయిందనో, బొమ్మ పడిపోయిందనో యజమాని మిమ్మల్ని వంగి తీయమంటే వద్దనండి. ఒక విషయం తెలిసి ఉండాలి: ఓషా ఇళ్లలో మామూలు ఇంటిపనికి మనుషుల్ని పెట్టుకున్నవాళ్లను తన పరిధిలోకి తీసుకోలేదు. అంటే నిర్మాణ కార్మికుడికున్న పర్మిట్ నియమం మీ చేతిలో లేదు. కనీస వేతనం మాత్రం మీకూ ఉంది. ఇళ్లలో పనివాళ్లను కేంద్ర వేతన చట్టం 1974 నుంచే కలుపుకుంది. ఇల్లు యజమానిదే అయినా, ఆ గుంత దగ్గరికి వెళ్లమనడం మీ పనిలో భాగం కాదు. సెప్టిక్ లారీవాళ్లు ఆ పనికే ఉన్నారు, వాళ్ల దగ్గర మీటరు, తాడు ఉంటాయి.

ఆ తమ్ముడు చివరికి దిగలేదు. తోడు ఎప్పుడు పోశారని మెసేజ్ పెట్టి అడిగాడు. పన్నెండు రోజులైందని జవాబు వచ్చింది. పర్మిట్ అడిగాడు, ఆ రోజు ఇవ్వలేదు. వేరే పని చేయించుకుని పంపారు. నాలుగు రోజుల తరువాత ట్యాంకు మట్టం దించి, ఫ్యాన్లు పెట్టి, మీటరు కట్టి, బయట మనిషిని నిలబెట్టి మళ్లీ పిలిచారు. గోడకు బయటివైపు నుంచే లీకు మూయవచ్చని అప్పుడు తేలింది.